మోకాలి క్రింది ఎముక విరిగినప్పుడు

మానవుడు నిలుచునప్పుడును, నడచునప్పుడును దేహభారమంతయు మోకాళ్ల మీదుగానే నేలకు చేరుచున్నది. తొడ ఎముక ఆ భారమును పైనుండి తెచ్చి, మోకాలి క్రిందనున్న పెద్ద ఎముకకు అప్పగించును. ఈ పెద్ద ఎముకకు జంఘాస్థి యని పేరు. కాలి ముందువైపున చర్మము క్రిందనే చేతికి గట్టిగా తగులునది ఇదియే. దీని పైకొన విశాలమై, చదునై, ఇంటిముందరి అరుగువలె నుండును. ఆ అరుగు విరిగినప్పుడు కలుగు చిక్కులెట్టివో, నేటి శస్త్రవైద్యులు దానిని చిన్న గాట్లతో చక్కదిద్దు విధానమెట్టిదో ఈ ప్రసంగమున తెలిసికొందము.

మొత్తము అస్థిభంగములలో ఈ రకమునకు చెందినవి నూటికి ఒకటి రెండు మాత్రమే. అయినను వైద్యులు దీనిని తేలికగా తీసికొనరు. చేతి ఎముక నడిమి భాగమున విరిగి, కొంచెము వంకరగా అతికినను, మనిషి పని ఏదో విధముగా సాగిపోవచ్చును. కీలులోపలి ఎముక విరిగినప్పుడు సంగతి వేరు. అతుకుట యొక్కటియే చాలదు. నునుపుగా అతుకవలెను, తిన్నగా అతుకవలెను, అతికిన పిదప కీలు మునుపటివలె మడువబడవలెను. లేనిచో కాలు ప్రక్కకు ఒరగును, మోకాలు బిగిసికొనును, కొన్నేండ్లకు కీలు అరిగి నొప్పి స్థిరపడును. నేలపై బాసిపట్టు వేసికొని కూర్చుండి భుజించు మనకు, వరిమడిలో వంగి నాట్లు వేయు కూలివారికి, దినమునకు పదిసార్లు మెట్లెక్కి దిగు గృహిణికి, మోకాలు మడువబడకపోవుట యనగా సగము బ్రతుకు ఆగిపోవుటయే.

మొదట ఆ అరుగు నిర్మాణమును చూతము. దానిలో రెండు భాగములున్నవి. లోపలి వైపుది కొంచెము పెద్దదై, గుంటగా నుండును. వెలుపలి వైపుది చిన్నదై, కొంచెము ఉబ్బెత్తుగా నుండును. రెంటిమీదను నున్నని మృదులాస్థి పొర పరచియుండును. ఆ పొరమీద నెలవంక యాకారము గల రెండు మెత్తలు అమరియుండి, తొడ ఎముక త్రొక్కిడిని పంచుకొనును. పొర క్రింద నున్న ఎముక గట్టి దిమ్మ కాదు. స్పంజివలె సన్నని పలుకులతో అల్లుకొన్న గుల్ల ఎముక. రాయలసీమలో మట్టిమిద్దెలను చూచినవారికి ఈ నిర్మాణము సులభముగా బోధపడును. పైన చదునైన మట్టి. దాని క్రింద దంతెలు. వాని క్రింద దూలములు. పైన బరువు పడి దంతెలు విరిగినచో మట్టి క్రిందికి కుంగి గుంటపడును. అట్లే తొడ ఎముక కొన బలముగా క్రిందికి మోదినప్పుడు జంఘాస్థి అరుగు కుంగును. లేదా అంచు చీలి ప్రక్కకు జరుగును. పలుమారు రెండును కలిసి జరుగును.

ఎక్కువగా దెబ్బతినునది వెలుపలి భాగము. దారిని పోవువాని కాలికి మోటారు బండి ప్రక్కనుండి తగిలినప్పుడు మోకాలు లోపలివైపునకు వంగి, వెలుపలి అరుగు నలిగిపోవును. 1929 లో అమెరికాలో కాటన్, బెర్గ్ అను ఇరువురు వైద్యులు ఇట్టి రోగులను గూర్చి వ్రాయుచు, ఈ అస్థిభంగమునకు మోటారు బండి ముందుభాగపు రేకు పేరే పెట్టిరి. నేడు మన రహదారులపై ద్విచక్రవాహనముల నుండి పడినవారు ఇట్లు గాయపడుట సర్వసాధారణము. వృద్ధుల విషయమున ఇంత బలమైన దెబ్బ అక్కరలేదు. వయసుతో ఎముక గుల్లబారియుండును గనుక తడిసిన స్నానాలగదిలో కాలు జారినంతనే అరుగు కుంగిపోవచ్చును.

కెనడా దేశమునకు చెందిన జోసెఫ్ షాట్జ్‌కర్ అను శస్త్రవైద్యుడు టొరంటో నగరమున 1968 నుండి 1975 వరకు చికిత్స పొందిన రోగుల అనుభవమును పరిశీలించి, 1979 లో ఈ అస్థిభంగములను ఆరు తరగతులుగా విభజించెను. మొదటి మూడును వెలుపలి భాగమునకు సంబంధించినవి: చీలుట, చీలి కుంగుట, కేవలము కుంగుట. నాల్గవది లోపలి భాగము విరుగుట. అయిదవది రెండు భాగములును విరుగుట. ఆరవదానిలో అరుగంతయు క్రింది కాడనుండి విడిపోవును. ఈ విభజన నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. ఏ తరగతికి ఎట్టి చికిత్స తగునో నిర్ణయించుటకు ఇది మొదటి మెట్టు.

ఇచట ఒక ముఖ్యవిషయమును గమనింపవలెను. తొడ ఎముక చుట్టును దట్టమైన కండ గలదు. జంఘాస్థి ముందువైపున అట్టి రక్షణ లేదు. చర్మము, దాని క్రింద పలుచని పొర, వెంటనే ఎముక. విరిగిన ఎముకకు ప్రాణాధారమైన రక్తము చుట్టునున్న ఈ మెత్తని భాగముల నుండియే చాలవరకు అందవలెను. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఎముకతోపాటు ఇవియు నలిగిపోవును. కొన్ని గంటలలో కాలు వాచి, చర్మము బిగిసి మెరయును, నీటిపొక్కులు లేచును. ఎక్స్-రే చిత్రమున విరిగిన ఎముక కనబడును గాని, నలిగిన చర్మపు దుస్థితి కనబడదు. ఈ చికిత్స చరిత్రయంతయు ఆ కనబడని గాయమును గుర్తించుటకు వైద్యలోకము పడిన శ్రమయే యని చెప్పవచ్చును.

పూర్వము కాలునకు పిండికట్టు వేసి నెలల తరబడి కదలకుండ నుంచుట వాడుక. ఎముక అతికెడిది, మోకాలు బిగిసెడిది. పిండికట్టు వెలుపలినుండి ఎముకను పట్టియుంచగలదే గాని, లోపల కుంగిన ముక్కను పైకెత్తలేదు. 1956 లో ఇంగ్లండు దేశపు ఆప్లే అను వైద్యుడు అరువదిమంది రోగుల అనుభవమును ప్రకటించెను. ఆయన పద్ధతిలో మోకాలి క్రింద ఎముకలో నొక కడ్డీని దూర్చి, దానికి బరువు వ్రేలాడదీసి, రోగి మంచముపై నుండగనే మోకాలిని ప్రతిదినము మడచి చాచునట్లు చేయుదురు. కోత లేదు, కీలు కదలుచునే యుండును. బిగుసుకొనుట తగ్గినది. కాని రోగి వారముల తరబడి మంచమును అంటిపెట్టుకొని యుండవలసివచ్చెను. మిక్కిలి కుంగిన ముక్కలు ఎట్లున్నవి అట్లే యుండిపోయెడివి.

1958 లో స్విట్జర్లండు దేశమున మారిస్ ముల్లర్ మొదలగు శస్త్రవైద్యులు కొందరు కూడి ఒక అధ్యయనసంఘమును స్థాపించిరి. విరిగిన ముక్కలను సరిగా కూర్చుట, వానిని గట్టిగా బిగించుట, రక్తప్రసరణను కాపాడుట, కీలును త్వరగా కదలించుట అనునవి వారి నాలుగు సూత్రములు. వీనివలన అస్థివైద్యము మారిపోయెను. అయితే ఆచరణలో మొదటి రెండు సూత్రములపై మోజు పెరిగి, మూడవది వెనుకబడెను. చాలమంది వైద్యులు మోకాలి ముందు పొడవుగా కోసి, చర్మమును, కండను ఇరుప్రక్కలకు ఒలిచి, ప్రతి ముక్కను కంటితో చూచి, పెద్ద లోహపు పట్టీలను రెండువైపుల బిగించెడివారు. చిత్రములో ఎముక చక్కగా కనబడెడిది. కాని ముందే నలిగియున్న చర్మము ఆ కోతను భరింపలేక చచ్చిపోవుటయు, చీము పట్టుటయు, ఎముకముక్కలు రక్తము లేక అతుకకపోవుటయు పలుచోట్ల జరిగెను. శస్త్రవైద్యులు నేర్చుకొనిన పాఠము ఇది: ఎముక ముక్కలను కూర్చుటకై వానిని బ్రతికించు మాంసమును చంపరాదు.

చిన్న గాటు శస్త్రచికిత్స ఈ పాఠమునుండి పుట్టినది. మచ్చ చిన్నదిగా నుండుట దాని ముఖ్యోద్దేశము కాదు. కోయకుండ చూడగల సాధనములు చేతికి వచ్చిన తరువాతనే ఇది సాధ్యమైనది. రంట్‌గెన్ 1895 లో ఎక్స్-కిరణములను కనుగొనెను. తరువాతి కాలమున శస్త్రచికిత్స జరుగుచుండగనే ఎముకను తెరపై చూపు యంత్రములు వచ్చెను. వంకరచేయివంటి అమరిక గల ఈ యంత్రమును నేడు మన పట్టణములలోని అస్థివైద్యశాలలలో సి-ఆర్మ్ అని పిలుచుచున్నారు. 1971 లో తొలిసారి రోగిపై వాడిన సి.టి. స్కాను, శరీరమును పలుచని పొరలుగా చూపును. అరుగు ఎచట కుంగినది, ఎంత కుంగినది, వెనుకభాగము విరిగినదా అనునవి దానివలన ముందే తెలియును. మూడవది కీలులోనికి దూర్చి చూచు సన్నని గొట్టము. టోక్యో నగరమున తకాగి అను ఆచార్యుడు 1918 లో మూత్రాశయమును పరీక్షించు గొట్టముతో మృతదేహపు మోకాలిలోనికి తొంగిచూచెను. ఆయన శిష్యుడు వతనబే ఆ సాధనమును వృద్ధిచేసి, 1962 లో దాని సహాయముతో మోకాలిలోని నెలవంక మెత్తకు శస్త్రచికిత్స చేసెను. నేడు కుంగిన అరుగును పైకెత్తునప్పుడు, అది సమతలమైనదో లేదో ఈ గొట్టముగుండ వైద్యుడు చూడగలడు.

ఇక శస్త్రచికిత్స జరుగు విధము. సాధారణముగా వెన్నులో మందు నెక్కించి నడుము క్రింది భాగమును స్పర్శలేకుండ చేయుదురు. మొదట కాలిని తిన్నగా లాగుదురు. కీలు చుట్టునున్న బంధనములు ఎముకముక్కలను అంటియుండును గనుక, కాలు సాగినప్పుడు బంధనములు బిగిసి, చెదరిన ముక్కలలో చాలవానిని తామే స్థానమునకు చేర్చును. చీలిన అంచును వెలుపలినుండి ప్రత్యేకమైన పట్టకారుతో నొక్కి దగ్గరకు చేర్చుదురు. కుంగిన ముక్క మాత్రము లాగినంతనే రాదు. దానిని పట్టియుంచు బంధనము లేదు గదా! అందుకై అరుగునకు క్రిందుగా చిన్న గాటు పెట్టి, ఎముకలో నొక కిటికీవంటి రంధ్రము చేసి, మొద్దుకొన గల కడ్డీని దానిగుండ పంపి, కుంగిన భాగమును క్రిందినుండి మెల్లమెల్లగా పైకి తట్టుదురు. కుంగిన మిద్దెను లోపలినుండి గుంజ పెట్టి లేపినట్లే యిది.

మిద్దె లేచినంత మాత్రమున పని ముగియదు. నలిగిన గుల్ల ఎముక స్థానమున ఇప్పుడొక ఖాళీ ఏర్పడినది. దానిని నింపనిచో అరుగు మరల కుంగును. రోగి తుంటి అంచునుండి తీసిన ఎముకతోగాని, కాల్షియం ఫాస్ఫేటు మొదలగు పదార్థములతోగాని ఆ ఖాళీని పూరింతురు. పిమ్మట అరుగునకు సరిగా క్రిందుగా, దానికి సమాంతరముగా, కొన్ని మరమేకులను ప్రక్కనుండి బిగింతురు. ఇవి క్రొత్త దంతెలవలె పైకప్పును మోయును. ఒక్కొక్క మరమేకునకు ఒక సెంటీమీటరు మేర గాటు చాలును. విరుగుడు క్రింది కాడవరకు సాగినచో, లోహపు పట్టీని పైన చిన్న గాటునుండి కండ క్రిందుగా జార్చి, దాని రంధ్రములకు ఎదురుగా చర్మమునకు చిన్న బెజ్జములు చేసి మరమేకులు బిగింతురు. మధ్యనున్న చర్మమును, కండను, ఎముక పైపొరను తాకనే తాకరు.

రెండు భాగములును పూర్తిగా నలిగి, చర్మము మిక్కిలి చెడియున్నప్పుడు మరియొక మార్గము కలదు. సైబీరియాలోని కుర్గాన్ పట్టణమున ఇలిజారోవ్ అను వైద్యుడు 1950 ప్రాంతమున కాలి చుట్టును అమర్చు లోహపు వలయములను, ఎముకగుండ పోవు సన్నని తీగలను కల్పించెను. చిన్న గాట్లతో కీలుభాగమును మరమేకులతో కూర్చి, తక్కిన దానిని ఈ వలయములతో నిలుపవచ్చును. కెనడా దేశపు వైద్యశాలలు కొన్ని కలిసి 82 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు పెద్దకోత పద్ధతిని, రెండవ జట్టునకు వలయముల పద్ధతిని అవలంబించి, 2006 లో ఫలితములను ప్రచురించినవి. కీలు అమరికలో ఇరుజట్లకును పెద్ద భేదము లేదు. కాని వలయముల జట్టు వారు వైద్యశాలలో సగటున 10 రోజులు, పెద్దకోత జట్టు వారు 23 రోజులు ఉండవలసివచ్చెను. తీవ్రమైన చిక్కులును మొదటివారికే తక్కువ.

ఇంత విన్నపిమ్మట, చిన్న గాటే ఎల్లప్పుడును మేలని భావించుట సహజము. అది పొరపాటు. చిన్న గాటునుండి ముక్కలు చక్కగా చేరనప్పుడు, అరుగు వెనుకభాగము విరిగినప్పుడు, నెలవంక మెత్త చినిగి ముక్కల నడుమ ఇరుకుకొన్నప్పుడు, రక్తనాళము తెగినప్పుడు, తెరచి చూడక తప్పదు. అరుగులో రెండు మూడు మిల్లీమీటర్ల హెచ్చుతగ్గును మోకాలు సహింపగలదా లేదా అను విషయమున వైద్యులలో అభిప్రాయభేదము కలదు. కాని కాలు ఒరగినను, కీలు వదులై ఊగినను మోకాలు చెడునను విషయమున భేదాభిప్రాయము లేదు. గాటు చిన్నదై కాలు వంకరపోయినచో ఆ చికిత్స విఫలమైనట్లే. కావున, పెద్దకోతయే అవసరమని వైద్యుడు చెప్పినంతనే ఆయనకు క్రొత్తపద్ధతి తెలియదని అనుకొనరాదు.

వేచియుండుటయు చికిత్సలో భాగమే. తీవ్రముగా వాచిన కాలును వైద్యులు వెంటనే కోయరు. తొడ ఎముకకును, జంఘాస్థికిని వెలుపలినుండి కడ్డీలు బిగించి, మోకాలిని నిలకడగా నుంచి, వారము నుండి రెండు మూడు వారములవరకు ఆగుదురు. వాపు తగ్గి చర్మముపై మరల ముడుతలు కనబడినప్పుడే అసలు శస్త్రచికిత్సకు పూనుకొందురు. ఇంటివారు ఈ ఆలస్యమును అశ్రద్ధగా భావించి రోగిని వేరుచోటికి తరలింప తొందరపడుచుందురు. చర్మమునకు విశ్రాంతి నిచ్చుట ఎముకను రక్షించుటయేయని వారు గ్రహింపవలెను.

అయితే ఒక్క క్షణమైనను ఆగరాని సందర్భమొకటి కలదు. పిక్కలోని కండరములు నాలుగు అరలుగా, గట్టి పొరలలో చుట్టబడియుండును. ఎముక విరిగి లోపల నెత్తురు చేరినప్పుడు ఆ పొర సాగదు. ఒత్తిడి పెరిగి కండరములకు రక్తమందదు. దెబ్బకు మించిన నొప్పి, మందులకు లొంగని నొప్పి, కాలివ్రేళ్లను మెల్లగా వెనుకకు వంచినప్పుడు భరింపరాని నొప్పి, పిక్క రాయివలె గట్టిపడుట, పాదము తిమ్మిరెక్కుట — ఇవి దాని గుర్తులు. చీలమండవద్ద నాడి కొట్టుకొనుచున్నంత మాత్రమున భయము లేదనుకొనరాదు. కొన్ని గంటలు గడచినచో కండరములు శాశ్వతముగా చచ్చిపోవును. అప్పుడు వైద్యులు పిక్కను పొడవుగా కోసి ఒత్తిడిని విడుతురు. ఎముకకు చిన్న గాటు చాలునేమో గాని, ఈ ఆపదలో పెద్ద గాటే కాలిని కాపాడును. పాదము చల్లబడి పాలిపోయినచో మోకాలి వెనుక రక్తనాళము దెబ్బతిన్నదేమోనని శంకింపవలెను. అదియు అంతటి తొందర గల విషయమే.

ఈ కారణముననే కట్టును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. తెలుగునాట పుత్తూరు కట్టు పేరు విననివారరుదు. తరతరములుగా జనులు ఎముకలు విరిగినప్పుడు కట్టు కట్టించుకొనుచున్నారు. కాని కీలులోపల విరిగిన ఎముక సంగతి వేరని పైన చూచితిమి. పిండికట్టు చేయలేని పనిని ఆకుకట్టును చేయలేదు; కుంగిన అరుగును ఏ కట్టును పైకెత్తలేదు. పైగా వాచుచున్న కాలికి ఏ విధమైన బిగుతు కట్టు కట్టినను పైన చెప్పిన ఒత్తిడి మరింత పెరుగును. మోకాలికి దెబ్బ తగిలి, వాచి, కాలు మోపలేకపోయినప్పుడు మర్దన చేయరాదు, కాపడము పెట్టరాదు, లేపి నడిపింపరాదు. తొడ నడిమినుండి పాదమువరకు చెక్కబద్దలు ఇరుప్రక్కల నుంచి, తువ్వాళ్లతో వదులుగా కట్టి, కాలివ్రేళ్లు కనబడునట్లుంచి, 108 బండినిగాని మరియొక వాహనమునుగాని పిలిపించి, ఎక్స్-రే సౌకర్యము గల వైద్యశాలకు చేర్పవలెను. మత్తుమందు ఈయవలసిరావచ్చును గనుక వైద్యుడు చెప్పువరకు ఆహారపానీయములు పెట్టరాదు.

శస్త్రచికిత్స ముగిసిన పిదప సగము బాధ్యత రోగిదే. మోకాలిని కదలించుట వైద్యుని యనుమతిపై మొదటి దినములలోనే ఆరంభింపవలెను. నొప్పికి వెరచి కాలిని దిండుపై మడచి ఉంచుట అలవాటైనచో అది అట్లే బిగిసిపోవును. తొడ కండరములను బిగించి వదలు వ్యాయామమును మరువరాదు. కాలు మోపుటకు మాత్రము ఓపిక పట్టవలెను. విరుగుడు తీరునుబట్టి ఆరు నుండి పండ్రెండు వారములు కాలుపై పూర్తి బరువు వేయరాదు. కదలింపవలెను, బరువు మోపరాదు: ఈ రెండు మాటలను కలిపి గుర్తుంచుకొనుట చాలమందికి కష్టమగుచున్నది. చర్మముపై మచ్చలు చిన్నవిగా నున్నందున లోపలి ఎముకయు త్వరగా అతికినదని భ్రమించి ముందే నడచినవారి అరుగు మరల కుంగు ప్రమాదము కలదు. పొగత్రాగుట ఎముక అతుకుటను ఆలస్యము చేయును. చక్కెరవ్యాధి గలవారికి చీముపట్టు భయము హెచ్చు. నేలపై కూర్చుండుట, గొంతుకూర్చుండుట ఎప్పుడు మొదలుపెట్టవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. కొందరికి మునుపటివలె పూర్తిగా మడువబడకపోవచ్చును; అట్టివారు ఎత్తైన పీటయు, ఎత్తైన మరుగుదొడ్డియు అమర్చుకొనుట మేలు.

చికిత్సకు పోయినప్పుడు ఇంటివారు వైద్యుని అడుగవలసిన ప్రశ్న, గాటు ఎంత పొడవుండునని కాదు. అరుగు సమముగా నిలుచునా, కాలు తిన్నగా నుండునా, చర్మము ఆ కోతను భరింపగలదా, మోకాలిని ఏనాటినుండి కదలింపవలెను అని అడుగవలెను. ఈ నాలుగింటికి తగిన సమాధానము దొరికినచో గాటు పొడవు దానంతట అదే నిర్ణయమగును.